చీమలబారును మరమనిషియు

చీమలబారును చూడనివారు మన దేశమున నుండరు. వంటింటి గట్టుమీద బెల్లపుముక్క యొకటి జారిపడినచో, గడియ తిరుగకమునుపే గోడవెంబడి నల్లని గీత గీచినట్లు బారు సాగును. ఆ బారునకు ముందు నడచు నాయకుడు లేడు. వెనుకనుండి అదలించు మేస్త్రీయును లేడు. సామెతల గ్రంథము ఆరవ అధ్యాయమున సోమరిని చీమకడకు పంపిన జ్ఞాని, దానికి పై అధికారి యెవ్వడును లేడను సంగతిని ప్రత్యేకముగా ఎత్తి చూపెను. ఆదివారపు బడిలో సాధారణముగా వినబడునది శ్రమను గూర్చిన పాఠమే. అధికారి లేకయే అంతపని క్రమముగా నెట్లు జరుగుచున్నదను ప్రశ్నయు అందులోనే యిమిడియున్నది. గడచిన యేబది సంవత్సరములలో శాస్త్రజ్ఞులు కొందరు ఆ ప్రశ్ననే చేతబట్టుకొని చీమలపుట్టకడ బయలుదేరి, కృత్రిమ మేధవరకును మరమనుష్యులవరకును నడచిరి.

ఈ విషయమును ఇప్పుడు ఎత్తుకొనుటకు కారణము కలదు. మన పాఠశాలలో రోబో పరికరముల పెట్టెలు కొని ప్రత్యేక తరగతులు నడపవలెనని తలిదండ్రులు పలువురు కోరుచున్నారు. వారి కోరిక అన్యాయమైనది కాదు. కేంద్ర ప్రభుత్వమువారు 2016లో అటల్ టింకరింగ్ లాబ్‌ల పథకమును ప్రారంభించిరి. 2019లో సి.బి.ఎస్.ఇ. వారు తొమ్మిదవ తరగతి పిల్లలకు కృత్రిమ మేధను ఐచ్ఛిక పాఠ్యవిషయముగా ప్రవేశపెట్టిరి. పట్టణపు బడులలో పిల్లలు చక్రముల బండ్లను నడపుచుండగా మన పిల్లలు చేతులు ముడుచుకొని చూచుచుండవలెనా యని అడుగుట సహజమే. అయినను మా అభిప్రాయము వేరు. పెట్టె కొనుటకు ముందు పిల్లలకు చెప్పవలసిన విద్య యొకటి కలదు. దానికి సంక్లిష్ట వ్యవస్థల శాస్త్రమని పేరు. అది తెలియక రోబోను చేతబట్టిన బాలుడు బొమ్మతో నాడుకొన్నవాడే యగును గాని యంత్రబుద్ధిని గూర్చి యేమియు నేర్చినవాడు కాడు.

చిక్కుగానున్న ప్రతి వస్తువును ఈ శాస్త్రమునకు చెందదు. గడియారమునందు చక్రము లనేకము లుండును. అయినను దానిని చేసినవాని మనస్సులో గడియారమంతయు ముందుగానే యున్నది. ఏ పండ్లచక్రము ఏమి చేయునో అతడు పటము గీచి చూపగలడు. చీమలపుట్టకు అట్టి పటము ఏ చీమవద్దను లేదు. చిన్న చిన్న భాగములు అనేకములుండి, ఒక్కొక్కటి తన పొరుగుదానిని మాత్రమే యెరిగి, ఏదో యొక చిన్న నియమమును అనుసరించుచుండగా, ఆ పరస్పర వ్యవహారమునుండి ఏ భాగమునందును లేని గుణము మొత్తమునకు కలుగునేని, అది సంక్లిష్ట వ్యవస్థ యనబడును. అనేకము అనునది కేవలము ఎక్కువ అనుట కాదనియు, అది వేరొక జాతియనియు ఫిలిప్ ఆండర్సన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు 1972లో వాదించెను. 1984లో అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రమున శాంటా ఫే నగరమందు ఈ శాస్త్రమునకే యొక సంస్థ వెలసెను. 2021లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానమున సగము ఇట్టి వ్యవస్థలను శోధించిన ఇటలీ దేశస్థుడు జార్జియో పరిసీకి లభించెను.

చీమలు దారి వెదకుకొను విధమును కొంచెము నిదానించి చూతము. బ్రస్సెల్స్ నగరమున జాన్ లూయీ దెనొబూర్ గారును ఆయన సహచరులును 1989లో ఒక ప్రయోగఫలితమును ప్రకటించిరి. పుట్టకును ఆహారమునకును నడుమ రెండు పాయల వంతెన పెట్టిరి. ఒక పాయ పొడవు, ఒకటి పొట్టి. మొదట చీమలు రెండు పాయలయందును సమానముగానే పోయెను. నడచిన ప్రతి చీమయు నేలమీద ఒక వాసనద్రవ్యమును విడుచును. వాసన హెచ్చుగానున్న వైపునకు తక్కిన చీమలు మొగ్గును. పొట్టిదారిన పోయిన చీమ ముందుగా తిరిగివచ్చును గనుక ఆ దారిన వాసన త్వరగా చిక్కబడెను. అందుచేత మరికొన్ని అటే పోయెను. అవియు తమ వాసనను జోడించెను. కొన్ని నిమిషములలో బారులోని యధికభాగము పొట్టిదారి పట్టెను. ఇందు విశేషమేమనగా, ఏ చీమయు రెండు దారులను కొలిచి చూడలేదు. కొలత జరిగినది, కొలిచినవాడు మాత్రము లేడు.

మిలాన్ నగరమున మార్కో డొరీగో అను విద్యార్థి 1992లో తన పరిశోధన వ్యాసమున ఈ ఉపాయమునే కంప్యూటరునకు నేర్పెను. అనేక ఊళ్లు చుట్టి యింటికి మరలవలసిన వర్తకుడు ఏ వరుసను పోయినచో దూరము తగ్గునని అడుగు లెక్క చాల ప్రసిద్ధము. ఊళ్లు పెరిగినకొలది సాధ్యమైన వరుసల సంఖ్య ఊహకందనంత పెరుగును. డొరీగో కంప్యూటరునందు ఊహాచీమలను విడిచి, అవి నడచిన దారులకు ఊహావాసనను పూసి, ఆ వాసన క్రమక్రమముగా ఆరిపోవునట్లు ఏర్పాటు చేసెను. ఈ ఆరిపోవుటయే ఇందలి రహస్యమని మాకు తోచుచున్నది. బ్రస్సెల్స్ చీమలకు ముందు పొడవుదారిని మాత్రమే చూపి, అవి దానికి అలవాటుపడిన పిమ్మట పొట్టిదారిని తెరచినప్పుడు, అవి పాతదారినే పట్టుకొని వ్రేలాడెను. ఊహాచీమలకు పాత గురుతులు మాసిపోవును గనుక వాటికి ఆ బాధ తక్కువ.

ఇక మరమనుష్యుల సంగతి. మర అనగానే మన పిల్లల మనస్సునకు ఇనుపచొక్కా తొడిగిన మనిషి రూపము తోచును. ఈ విద్యకు పూర్వులు అట్టివి కావు, తాబేళ్లు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున మెదడును శోధించు గ్రే వాల్టర్ అను శాస్త్రజ్ఞుడు 1948, 1949 సంవత్సరములలో ఎల్మర్, ఎల్సీ అను రెండు యంత్రపు తాబేళ్లను చేసెను. ఒక్కొక్కదానియందు రెండు రేడియో వాల్వులు మాత్రమే యుండెను. అవి రెండు నరకణములకు బదులు. మందమైన వెలుతురు కనబడినచో దానివైపునకు పోవుట, వెలుతురు మిక్కుటమైనచో తప్పుకొనుట, అడ్డు తగిలినచో తిరుగుట, బాటరీ తగ్గినప్పుడు దీపమున్న గూటికి చేరుట, ఇంతే వాటి విద్య. అద్దము ముందు నిలిపినప్పుడు తాబేలు తన దీపపు నీడకు తానే ఊగులాడసాగెను. చూచినవారికి అది తన్ను తాను గుర్తుపట్టినట్లే తోచెను. నిజముగా జరిగినదేమి? దీపము, అద్దము, రెండు వాల్వులు. యంత్రమునకు ప్రాణమున్నదా, ఆత్మయున్నదా యని తరగతిలో పిల్లలడుగునప్పుడు ఉపాధ్యాయులు ఈ తాబేలు కథను చెప్పుట మేలు. చూచువాని కన్ను యంత్రమునకు ఎంత మనస్సును దానము చేయునో దానివలన తెలియును.

1986లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున రాడ్నీ బ్రూక్స్ గారు ఆ త్రోవనే మరల తెరచిరి. అంతవరకు రోబోకు లోకమంతటి పటమును తలలో నింపి, ఆలోచింపజేసి, పిమ్మట అడుగు వేయించెడివారు. గది దాటుటకే చాల కాలము పట్టెడిది. బ్రూక్స్ గారు అట్లుగాక గోడ తగిలిన తిరుగుము, ఖాళీయున్న నడువుము అను చిన్న నియమములను ఒకదానిపై నొకటి పేర్చిరి. ఆయన భాగస్వామియైన సంస్థ 2002లో ఇంటినేల నూడ్చు గుండ్రని యంత్రమును విడుదలచేసెను.

గుంపుయొక్క శక్తి ఎట్టిదో కన్నులకు కట్టినట్లు చూపిన ప్రయోగము 2014లో జరిగెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున మైకేల్ రూబెన్‌స్టీన్, అలెహాంద్రో కొర్నేహో, రాధికా నాగ్‌పాల్ అను ముగ్గురు 1024 చిన్న రోబోలను ఒక బల్లమీద విడిచిరి. నాగ్‌పాల్ గారు మన దేశమున అమృతసరమందు పెరిగిన విదుషీమణి. మన బాలికలు ఈ పేరును జ్ఞాపకముంచుకొనవలెనని మా కోరిక. ఆ రోబో ఒక్కొక్కటి పెద్ద నాణెమంత. దానికి చక్రములు లేవు. మూడు సన్నని కాళ్లమీద వణకుచు జరుగును. తనకు బెత్తెడు దూరములోనున్న పొరుగువానితో మాత్రమే కంటికి కనబడని పరారుణ కాంతిచేత మాటలాడును. అన్నిటికిని ఒకే నియమావళి, ఏర్పడవలసిన ఆకారపు బొమ్మ ఒకటి. నాలుగు రోబోలను చేతితో ఒకచోట పెట్టి, ఇదియే మొదలని గుర్తు చేసిరి. తక్కినవి గుంపు అంచువెంబడి నడచుచు, పొరుగువారినడిగి తామెక్కడనున్నవో లెక్కించుకొనుచు, బొమ్మలోనికి ప్రవేశించిన పిమ్మట ఆగుచు, సుమారు 12 గంటలలో నక్షత్రపు ఆకారమును దాల్చెను. కొన్నిటి మోటార్లు చెడెను, కొన్ని దారికడ్డముగా నిలిచెను. అయినను ఆకారము కుదిరెను. పనివాడొకడు తప్పిపోయిన మాత్రమున పని చెడకుండుట ఇట్టి వ్యవస్థలయందలి గొప్ప లాభము.

ఇచ్చటినుండి కృత్రిమ మేధకు దూరము లేదు. మెదడు సైతము అట్టి గుంపే. ఏ నరకణమునకును అక్షరము రాదు. కోట్లకొలది నరకణముల కూడికకు వచ్చును. 1982లో జాన్ హోప్‌ఫీల్డ్ గారు, పొరుగువానిని చూచి పైకో క్రిందికో తిరుగు అయస్కాంత కణముల గణితమును ఆధారముగా గైకొని ఒక కృత్రిమ నరజాలమును వర్ణించిరి. దానికి కొన్ని రూపములను నేర్పి, పిమ్మట చినిగిన రూపమును చూపినచో, కణములు తమలో తాము సర్దుకొని పూర్తిరూపమును తెచ్చి నిలుపును. కీర్తన మొదటి రెండుమాటలు అందీయగానే సంఘమంతయు తక్కినది పాడునట్లు. ఆయనకును, ఆ దారిని మరింత దూరము తీసికొనిపోయిన జెఫ్రీ హింటన్ గారికిని 2024లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానము కలిసి లభించెను. కంప్యూటరు పనికి భౌతికశాస్త్రపు బహుమానమేమని పలువురు ఆశ్చర్యపడిరి. చీమలను, అయస్కాంతములను, నరకణములను ఒకే పలకమీద వ్రాసి చూపినచో ఆశ్చర్యమునకు తావుండదు.

మన పిల్లలు చేతిఫోనులో ప్రశ్నలడుగు యంత్రములును ఈ కుటుంబమువే. 2020లో వెలువడిన జి.పి.టి.-3 అనుదానియందు 17,500 కోట్ల సంఖ్యలు కలవు. తరువాతి మాట ఏది వచ్చునని ఊహించు అభ్యాసమును అపారముగా చేయించి ఆ సంఖ్యలను సర్దిరి. వ్యాసము వ్రాయుమని, లెక్క చేయుమని దానిలో నెవ్వరును నియమము వ్రాయలేదు. గుంపు పెరిగినప్పుడు ఆ నేర్పులు హఠాత్తుగా పుట్టుచున్నవని 2022లో కొందరు పరిశోధకులు చెప్పిరి. 2023లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు దీనిని ఆక్షేపించిరి. వారి వాదము పరీక్షపత్రములు దిద్దువారికి చక్కగా బోధపడును. లెక్కలో తుది జవాబు సరియైననే మార్కులు, లేకున్న సున్న అని దిద్దినచో, నెలనెలకు కొంచెము కొంచెముగా మెరుగుపడుచున్న పిల్లవాడు చాలకాలము సున్నలే తెచ్చుకొని ఒకనాడు హఠాత్తుగా పండితుడైనట్లు కనబడును. మెట్టుమెట్టునకు మార్కులిచ్చినచో వాని పెంపు నున్నగా సాగినట్లు తెలియును. యంత్రపు హఠాత్ ప్రజ్ఞయందు అధికభాగము దిద్దుటయందే యున్నదని వారి మతము. మేమీ రెండవ పక్షమునకే మొగ్గుచున్నాము. అద్భుతము లని పేరుపెట్టుటకు ముందు కొలబద్దను పరీక్షించుట మంచి యలవాటు.

అయితే ఇంతవరకు చెప్పినదంతయు గుంపుయొక్క స్తోత్రముగా చదువరులు తలంపరాదు. దక్షిణ అమెరికాలోని గయానా అడవిలో తాను చూచిన యొక వింతను విలియం బీబీ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1921లో ప్రకటించిన గ్రంథమున వర్ణించెను. దండుచీమలకు చూపు బహు స్వల్పము; ముందున్న చీమ వాసనవెంట నడచుటయే వాటి ధర్మము. ఎట్లో ఒక బారు తన తోకను తానే అందుకొని చుట్టుగా తిరుగసాగెను. ఆ చుట్టు 1200 అడుగులు. ఒక్కొక్క చీమ ఒకసారి చుట్టివచ్చుటకు రెండున్నర గంటలు పట్టెను. అట్లు రెండు దినములు తిరిగి తిరిగి అనేకములు అలసి చచ్చెను. ఏ చీమయు తప్పు చేయలేదు. ప్రతిదియు తన నియమమును నమ్మకముగా నెరవేర్చెను. చీమలకు అన్నము పెట్టిన నియమమే వాటిని చంపెను.

మనుష్యులును యంత్రములును కలిసిన గుంపులయందును ఇట్టిదే జరిగియున్నది. 2010 మే 6వ తేదీన అమెరికా వాటాల బజారులో, ఒకరి అమ్మకమును చూచి ఒకరు అమ్ము కంప్యూటరు నియమములు ఒకదాని నొకటి తరుముకొనగా, డౌ జోన్స్ సూచిక నిమిషములలో సుమారు వేయి పాయింట్లు కూలి, ఆనాడే చాలవరకు మరల లేచెను. 2018లో మన తెలుగు జిల్లాలలో జరిగినది ఇంతకంటె ఘోరము. పిల్లల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను పుకారు వాట్సాప్ ద్వారా ఊరూర పాకి, తెలుగు రాష్ట్రములతో సహా దేశమున పలుచోట్ల నిరపరాధులు గుంపుచేతులలో ప్రాణములు కోల్పోయిరి. ఆ వార్తను పంపినవారిలో ననేకులు తమ పొరుగువారి పిల్లల క్షేమము కోరియే పంపిరి. ఆ యేటి జూలైలో ఆ సంస్థవారు మన దేశమున ఒక వార్తను ఒక్కసారి ఐదు చోట్లకు మించి పంపరాదను హద్దు పెట్టిరి. చిన్న నియమమొకటి మార్చి మొత్తపు నడకను మార్చవచ్చునని వారికి తెలిసియే కదా ఆ పనిచేసిరి. అట్లు మార్చగలిగినవాడు మార్చుటకు ముందు జరిగినదానికిని ఉత్తరవాది యగుననియే మేము తలంచుచున్నాము. నా భాగము నేను సరిగానే వ్రాసితిని, మొత్తము నాది కాదు అను మాట యంత్రములను నిర్మించువారి నోట వినకూడదు. మన పిల్లలు రేపు ఆ పనిలో చేరుదురు గనుక, నేడే ఈ సంగతి వారికి తెలియవలెను. రోబో పెట్టెతో వచ్చు చిన్నపుస్తకమున ఈ అధ్యాయము లేదు.

ఏలిక లేని క్రమమును గూర్చి పిల్లలకు చెప్పినచో వారి విశ్వాసమునకు భంగము కలుగునేమో యని పెద్దలు కొందరు శంకింపవచ్చును. మాకట్టి భయము లేదు. చీమకు ఏలిక లేడని చెప్పినది పరిశుద్ధ గ్రంథమే గదా.

చేతితో పనిచేయనిదే యంత్రవిద్య రాదను తలిదండ్రుల మాటను మేము త్రోసిపుచ్చుట లేదు. బాటరీ తరుగుట, చక్రము జారుట, తీగ ఊడుట కాగితముమీద నేర్చుకొనదగినవి కావు. అందుచేత ఒకటి రెండు పెట్టెలను తరువాత కొనుటకు మా సమ్మతి కలదు. మొదటి ఆరు నెలలు మాత్రము ఖర్చులేని పనులకు వినియోగింపవలెనని మా మనవి. ఆటస్థలమున ముప్పదిమంది పిల్లలను నిలిపి, ప్రతివాడును మనస్సులో ఇద్దరిని ఎన్నుకొని, పైకి చెప్పక, ఆ ఇద్దరికిని సమాన దూరములో నుండునట్లు నడువవలెనని ఆజ్ఞాపింపుడు. ఒక్కడు కదలగా అందరు కదలుటయు, ఒక్కొక్కప్పుడు అందరు హఠాత్తుగా స్థిరపడుటయు చూచి పిల్లలే ప్రశ్నలు వేయుదురు. రెండవ పని, బెల్లము పెట్టి చీమలను గమనించి, అర్ధగంటకొకసారి బారు పటము గీయుట.

మూడవది అన్నిటికంటె మాకు ప్రియమైనది. జాన్ కాన్వే అను ఆంగ్ల గణితజ్ఞుడు కల్పించిన జీవపు ఆటను 1970లో మార్టిన్ గార్డ్‌నర్ ఒక పత్రికలో లోకమునకు తెలిపెను. వరండా గచ్చుమీద సుద్దముక్కతో గళ్లు గీచి, కొన్నిటిలో చింతగింజలు పెట్టవలెను. ప్రతి గడికిని ఎనిమిది పొరుగుగళ్లు కలవు. గింజయున్న గడికి పొరుగున రెండుగాని మూడుగాని గింజలున్నచో అది నిలుచును, లేనిచో చచ్చును. ఖాళీగడికి సరిగా మూడు గింజలు పొరుగున్నచో అందు క్రొత్త గింజ పుట్టును. అన్ని గళ్లును ఒక్కసారిగా మారవలెను గనుక, పుట్టబోవుచోట శనగగింజను పెట్టి, చావబోవుదానికి సుద్దతో గీటు పెట్టి, అంతయు సరిచూచుకొనిన పిమ్మటనే తీయుటయు పెట్టుటయు చేయవలెను. వరుసగా మూడు గింజలు పెట్టినచో అవి నిలువుగాను అడ్డముగాను మారుచునే యుండును. ఐదు గింజల రూపమొకటి నాలుగు మార్పులకు ఒక గడి చొప్పున మూలగా నడచిపోవును. నడువుమని ఏ నియమమునను లేదు.

ఓపికగల విద్యార్థులు సెలవులలో మరియొక రూపమును ప్రయత్నింపవచ్చును. నిలువుగా మూడు గింజలు పెట్టి, పైదానికి కుడివైపున ఒకటి, నడిమిదానికి ఎడమవైపున ఒకటి చేర్పుడు. చూచుటకు ఐదే గింజలు. స్థిరపడుటకు 1103 మార్పులు కావలెను. వరండా చాలదు, చింతగింజలు చాలవు. ఆనాడు వచ్చి కంప్యూటరు గది తాళపుచెవి అడిగినచో సంతోషముతో నిచ్చెదము.